వెబ్‌సైట్‌లో త్రీడీ బొంగరం తిప్పడం ఎలా: బ్లెండర్ నుంచి బ్రౌజర్ దాకా

మా బావమరిది ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. "ఫొటోలు అందరూ పెడతారు బావా, మన పేజీలో బొంగరం తిరగాలి" అన్నాడు. రెండు ఆదివారాలు కూర్చుని తిప్పాను. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా తిరిగింది. అనకాపల్లిలో వాడి ఫోన్‌లో మాత్రం ఒక తెల్ల డబ్బా కనిపించి, కాసేపటికి బ్రౌజరే మూసుకుపోయింది. ఫైల్ సైజు చూసుకుంటే 41 ఎంబీ! ఇప్పుడు అదే బొంగరం వంద కేబీ కూడా లేదు, వాడి ఫోన్‌లో హాయిగా తిరుగుతోంది. ఈ రెండింటి మధ్య నేను పడ్డ తిప్పలే ఈ గైడ్.

ఒక మాట. కోడ్ మొత్తం ఇక్కడ దించడం లేదు, అది డాక్యుమెంటేషన్‌లో నాకంటే బాగా ఉంది. ఏది ఎందుకు చేయాలో, ఎక్కడ తప్పుతుందో చెప్తాను. కోడ్‌లో వచ్చే పేర్లు పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు స్పెల్లింగ్ సరిచూసుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ దారి?

కార్డు వెనక్కి తిరగడం, ఫొటో మీద మౌస్ పెడితే అది కాస్త పక్కకి వాలడం, ఇలాంటివైతే సీఎస్‌ఎస్ (వెబ్ పేజీ రూపు దిద్దే భాష) చాలు, త్రీడీ మోడల్ అక్కర్లేదు. వస్తువును కస్టమర్ వేలితో నలువైపులా తిప్పి చూడాలంటే మోడల్-వ్యూయర్ ఉంది, గూగుల్ వాళ్లు ఉచితంగా ఇచ్చిన ట్యాగ్. ముట్టుకుంటే తిరగాలి, జోరు తగ్గాలి, తూలి పడిపోవాలి అని మీ సొంత రూల్స్ ఉంటే త్రీ.జేఎస్, బ్రౌజర్‌లో త్రీడీ గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. ఇక ఎవరూ ముట్టుకోకుండా ఒక మూల ఊరికే తిరుగుతూ ఉండే బొమ్మైతే బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చిన్న లూప్ వీడియో రెండర్ చేసి పెట్టేయండి. చూసేవాడికి తేడా తెలియదు, వాడి బ్యాటరీకి మాత్రం బాగా తెలుస్తుంది.

చాలామంది నేరుగా త్రీ.జేఎస్ మీద పడతారు, నేనూ అలాగే పడ్డాను. పని జరిగే దారుల్లో అన్నిటికంటే తేలికైనది తీసుకోండి.

సీఎస్‌ఎస్‌తో అయిపోయేది

బయట ఒక డబ్బా, లోపల తిరిగే డబ్బా, అందులో ముందు ముఖం, వెనక ముఖం. బయటి డబ్బాకి పర్‌స్పెక్టివ్ 800 పిక్సెళ్లు ఇవ్వండి. ఈ అంకె తగ్గేకొద్దీ వస్తువు కంటికి దగ్గరగా ఉన్నట్టు వంపు ఎక్కువ కనిపిస్తుంది, 200 పెడితే మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. లోపలి డబ్బాకి ట్రాన్స్‌ఫార్మ్-స్టైల్ ప్రిజర్వ్-3డీ. రెండు ముఖాలకీ బ్యాక్‌ఫేస్-విజిబిలిటీ హిడెన్. వెనక ముఖాన్ని ముందే రొటేట్-వై 180 డిగ్రీలు తిప్పి ఉంచాలి. హోవర్ చేసినప్పుడు లోపలి డబ్బా మొత్తాన్ని 180 తిప్పితే పని అయిపోతుంది.

అందరూ ఇరుక్కునే చోట్లు రెండున్నాయి. గుండ్రటి మూలల కోసమని తిరిగే డబ్బాకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడతాం, అంతే, త్రీడీ చప్పగా పలకలా అయిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి గంట పోతుంది. ఓపాసిటీ 1 కంటే తగ్గించినా, ఫిల్టర్ పెట్టినా అదే గొడవ. ఇవన్నీ తిరిగే డబ్బాకి కాకుండా లోపలి ముఖాలకి పెట్టండి. రెండోది, హోవర్‌ను తిరిగే డబ్బా మీదే పెడితే అది సగం తిరిగి సన్నబడగానే మౌస్ కింద నుంచి తప్పుకుంటుంది, హోవర్ పోయి వెనక్కి వస్తుంది, మళ్లీ మౌస్ తగిలి తిరుగుతుంది, ఇలా వణుకుతూ ఉంటుంది. హోవర్ ఎప్పుడూ కదలని బయటి డబ్బా మీదే ఉండాలి.

మోడల్ తయారీ: బ్లెండర్‌లో లేత్ పట్టడం

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మ ఎలా చేస్తారో తెలుసు కదా, అంకుడు కర్ర ముక్కను లేత్‌కి బిగించి, తిరుగుతుండగా ఉలితో ఒక పక్క నుంచి చెక్కుతారు. తిరుగుతున్న కర్రకే లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఉలి ముట్టుకునేది ఒక పక్కనే, ఆకారం మాత్రం చుట్టూ వస్తుంది. బ్లెండర్‌లో స్క్రూ మాడిఫయర్ (గీతను చుట్టూ తిప్పి ఆకారం చేసే టూల్) చేసేది కూడా అచ్చంగా ఇదే. ఇది తెలియక నేను మొదట గోళం, శంఖువు, స్థూపం తెచ్చి ఒకదానికొకటి అతికించాను. అతుకులు కనిపించాయి, సైజు పెరిగింది, రెండు రోజులు పోయాయి.

బ్లెండర్ ఉచితమే. తెరవగానే కనిపించే క్యూబ్ తీసేసి ఒక ప్లేన్ వేయండి, ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క చుక్క ఉంచి మిగతా మూడూ డిలీట్ చేయండి. ముందు నుంచి చూసే వ్యూలోకి వెళ్లి, ఆ చుక్కను సరిగ్గా ఎక్స్ సున్నా, జెడ్ సున్నా దగ్గర పెట్టండి, అదే బొంగరం మొన. అక్కడి నుంచి కీబోర్డులో E నొక్కుతూ ఒక్కో చుక్క లాగుతూ పొట్ట, మెడ, వేళ్లతో తిప్పే కాడ, ఇలా సగం రూపు గీయండి. వెనక ఫొటో పెట్టుకుని దాని మీదే గీస్తే కొలతలు తప్పవు. చివరి చుక్క మళ్లీ ఎక్స్ సున్నాకి రావాలి. ఇప్పుడు స్క్రూ మాడిఫయర్ వేసి యాక్సిస్ జెడ్, యాంగిల్ 360, స్క్రూ 0, స్టెప్స్ రెండు చోట్లా 48 ఇచ్చి, మెర్జ్ టిక్ పెట్టండి. గీత కాస్తా బొంగరం అయిపోతుంది, మొదటిసారి చూస్తే భలే ముచ్చటేస్తుంది.

లెక్క చూద్దాం. 20 చుక్కలు గీస్తే మధ్యలో 19 ముక్కలు, ఒక్కోటి చుట్టూ 48 గడులు, గడికి 2 త్రిభుజాలు, మొనగా ముగిసే పై ముక్కకీ కింది ముక్కకీ మాత్రం గడికి ఒక్కటే: మొత్తం 1,728. ఫోన్‌కి ఇది చిటికెలో పని. నా మొదటి బొంగరంలో 6 లక్షలకి పైగా త్రిభుజాలు ఉండేవి, కంటికి మాత్రం రెండూ ఒకేలా ఉన్నాయి. మోడల్ నల్లగా, లోపలిది బయటికి వచ్చినట్టు కనిపిస్తే అది నార్మల్స్ (ఏ పక్క బయటిదో చెప్పే దిశలు) తిరగబడటం, మాడిఫయర్‌లోనే ఫ్లిప్ ఉంది.

రంగుల దగ్గర కాస్త ఆగండి, ఎందుకంటే నా 41 ఎంబీలో సింహభాగం ఇక్కడిదే. లక్క వలయాల కోసం 4096 సైజు టెక్స్‌చర్లు (మోడల్ ఉపరితలం మీద అతికించే ఇమేజ్‌లు) నాలుగు వేశాను. అసలు అవసరమే లేదు. మాడిఫయర్‌ని అప్లై చేసి, ఎడిట్ మోడ్‌లో ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే ఒక వలయం మొత్తం సెలెక్ట్ అవుతుంది, దానికి ఎర్ర మెటీరియల్, పక్కదానికి పసుపు, ఆ పక్కదానికి ఆకుపచ్చ. టెక్స్‌చర్ ఒక్కటీ లేదు. మెటాలిక్ 0, రఫ్‌నెస్ 0.25 దగ్గర పెడితే లక్క నిగనిగ వస్తుంది.

ఇంకో దెబ్బ. కాడకి చెక్క గీతలు రావాలని నాయిస్ నోడ్, కలర్ ర్యాంప్ కలిపి భలేగా చేశాను, ఎక్స్‌పోర్ట్ చేస్తే తెల్లగా వచ్చింది. త్రీడీ మోడల్‌ని వెబ్‌కి పంపే జీఎల్‌టీఎఫ్ ఫార్మాట్‌కి, బ్లెండర్ మామూలు మెటీరియల్ అయిన ప్రిన్సిపుల్డ్ షేడర్‌లోని మామూలు విలువలు, ఇమేజ్ టెక్స్‌చర్లు తెలుసుగానీ బ్లెండర్ సొంత నోడ్ల సర్కస్ తెలియదు. అలాంటివి కావాలంటే ముందు బేక్ చేసి, అంటే ఇమేజ్‌గా మార్చుకోవాలి.

తిరగడం, కానీ తిరిగినట్టు కనిపించడం

ఇది ఏ ట్యుటోరియల్లోనూ నాకు దొరకలేదు. లేత్ మీద చేసిన వస్తువు అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి అది దాని ఇరుసు మీద ఎంత తిరిగినా కంటికి కదలనట్టే ఉంటుంది! అరగంట సేపు యానిమేషన్ పని చేయడం లేదనుకుని తల పట్టుకున్నాను. ఒక వలయంలో రెండు గడులకి వేరే రంగు వేశాక తెలిసింది, పాపం అది మొదటి నుంచీ తిరుగుతూనే ఉంది. గుర్తు ఒకటి పెట్టండి, లేదా కాస్త వాలనివ్వండి, రెండూ ఉంటే ఇంకా మంచిది. వేగం కూడా సెకనుకి 2, 3 చుట్లు చాలు. నిజం బొంగరంలా సెకనుకి 30 చుట్లు తిప్పితే, స్క్రీన్ సెకనుకి 60 సార్లే మారుతుంది కాబట్టి, మీ గుర్తు రెండు చోట్ల మిణుకుమంటూ నిలబడిపోయినట్టు కనిపిస్తుంది.

బ్లెండర్‌లో రెండు ఎంప్టీలు (రెండర్‌లో కనిపించని, వేరేవాటిని కదిపేందుకు వాడే ఖాళీ వస్తువులు) మొన దగ్గర పెట్టండి. మొదటిది నెమ్మదిగా చుట్టూ తిరిగేది, దాని కింద రెండోది 10 డిగ్రీలు వాలి ఉండేది, దాని కింద బొంగరం. బొంగరం తన ఇరుసు మీద తిరుగుతుంది, మొదటి ఎంప్టీ ఆ వాలును చుట్టూ తిప్పుతుంది. సెకనుకి 24 ఫ్రేములైతే 1వ ఫ్రేములో రెండింటికీ 0 డిగ్రీలు, 49వ ఫ్రేములో ఎంప్టీకి 360, బొంగరానికి 1,440. అంటే 2 సెకన్లలో 4 చుట్లు, లూప్ కలిసిపోతుంది. కీ ఫ్రేములన్నీ సెలెక్ట్ చేసి ఇంటర్‌పొలేషన్ లీనియర్ చేయడం మర్చిపోకండి, లేకపోతే ప్రతి లూపుకీ ఆగి ఆగి మొదలవుతుంది.

ఎక్స్‌పోర్ట్‌లో జీఎల్‌టీఎఫ్ 2.0, ఫార్మాట్ బైనరీ, అంటే ఒకే జీఎల్‌బీ ఫైల్. యానిమేషన్ సెక్షన్లో శాంప్లింగ్ టిక్ మామూలుగా ఉంటుంది, దాన్ని తీయకండి. సైజు తగ్గుతుందని నేను తీశాను, బొంగరం బిగుసుకుపోయింది. కారణం చూడండి: జీఎల్‌టీఎఫ్‌లో తిరగడాన్ని డిగ్రీల్లో కాదు, క్వాటర్నియన్లలో (వస్తువు ఎటు తిరిగి ఉందో చెప్పే నాలుగు అంకెలు) దాస్తారు, అందులో 0 డిగ్రీలకీ 1,440కీ తేడా లేదు. మొదటి కీ, చివరి కీ మాత్రమే ఉంటే, ఉన్న చోటు నుంచి ఉన్న చోటికే వెళ్లమని చెప్పినట్టు. శాంప్లింగ్ ఉంటే ప్రతి ఫ్రేమూ నమోదవుతుంది కాబట్టి బతికిపోతాం.

ఎంప్టీకి ఒక యాక్షన్ (దాని కీ ఫ్రేముల మూట), బొంగరానికి ఒకటి ఉంటాయి కదా, అవి రెండు వేర్వేరు యానిమేషన్లుగా బయటికొస్తే ఒకటే ఆడుతుంది. బ్లెండర్‌లో యాక్షన్లని ట్రాక్‌లుగా పేర్చే ఎన్‌ఎల్‌ఏ ఎడిటర్‌లో రెండింటినీ పుష్ డౌన్ చేసి ట్రాక్‌లకి ఒకే పేరు పెట్టండి.

పేజీలో పెట్టడం

మోడల్-వ్యూయర్ స్క్రిప్టును మాడ్యూల్‌గా కలపండి, తర్వాత దాని ట్యాగ్ రాసి సోర్స్‌లో జీఎల్‌బీ ఫైల్ పేరు ఇవ్వండి. ఆటోప్లే పెడితే యానిమేషన్ ఆడుతుంది, క్యామెరా-కంట్రోల్స్ పెడితే వేలితో తిప్పుకోవచ్చు. పోస్టర్‌లో ఒక మంచి ఫొటో తప్పకుండా ఇవ్వండి, మోడల్ దిగేలోపు కనిపించేది అదే, మా వాడు చూసిన తెల్ల డబ్బా దీంతో పోతుంది. ఆల్ట్‌లో "ఎరుపు, పసుపు వలయాల లక్క బొంగరం" అని మామూలు మాటల్లో రాయండి. సీఎస్‌ఎస్‌లో వెడల్పు, ఎత్తు ఇవ్వకపోతే అగ్గిపెట్టెంత చోటులో నక్కి ఉంటుంది.

టచ్-యాక్షన్‌కి పాన్-వై ఇవ్వాలి. లేకపోతే ఫోన్‌లో పేజీ కిందకి జరపబోయిన వేలు బొంగరం మీద పడి, పేజీ జరగదు, బొంగరం తిరుగుతూ ఉంటుంది. కస్టమర్‌కి చిర్రెత్తే పని ఇదొక్కటి చాలు.

ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి చూస్తే మోడల్ రాదు, బ్రౌజర్ భద్రత కోసం ఆపుతుంది. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్ గానీ, పైథాన్‌లో ఉండే హెచ్‌టీటీపీ సర్వర్ గానీ నడిపి, దాని లోకల్‌హోస్ట్ అడ్రస్‌లో చూడండి.

చాలా దుకాణాలకి ఇక్కడితో పని అయిపోయినట్టే. నిజంగా ఆగిపోవచ్చు.

ముట్టుకుంటే తిరగాలంటే: త్రీ.జేఎస్

2010లో రికార్డో కాబెల్లో (నెట్‌లో మిస్టర్ డూబ్ అంటారు) బయటికి తెచ్చిన లైబ్రరీ ఇది. బ్రౌజర్‌లో గ్రాఫిక్స్ చిప్‌తో గీయించే వెబ్‌జీఎల్ మొదటి వెర్షన్ ప్రమాణంగా వచ్చింది 2011లో, అంటే ఇది దానికంటే ఏడాది పెద్దది. వీట్ లాంటి బిల్డ్ టూల్ ఉంటే ఎన్‌పీఎంతో, లేదంటే ఇంపోర్ట్ మ్యాప్‌తో తెచ్చుకోండి, కానీ లైబ్రరీ, లోడర్ రెండూ ఒకే వెర్షన్ అయి ఉండాలి.

సీన్, పర్‌స్పెక్టివ్ క్యామెరా, రెండరర్, జీఎల్‌టీఎఫ్ లోడర్: ఈ నాలుగూ ప్రతి ఉదాహరణలోనూ ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. బొంగరం నల్లగా కనిపిస్తే లైట్లు లేవని అర్థం. ఒక్క డైరెక్షనల్ లైట్ పెట్టి సరిపెట్టుకోకండి, లక్క మెరుపంటే చుట్టూ ఉన్నవాటి ప్రతిబింబమే, ప్రతిబింబించడానికి ఏదో ఒకటి ఉండాలి. త్రీ.జేఎస్‌తో వచ్చే రూమ్ ఎన్విరాన్‌మెంట్‌ను పీఎంరెమ్ జనరేటర్‌తో తయారు చేసి సీన్‌కి ఎన్విరాన్‌మెంట్‌గా ఇస్తే, అదనంగా ఏ ఫైలూ దించకుండానే మెరుపు వస్తుంది.

ఇక్కడ బ్లెండర్ యానిమేషన్ వద్దు, బొంగరం ఒక్కటే ఎక్స్‌పోర్ట్ చేసి కోడ్‌తో తిప్పుదాం. బ్లెండర్‌లో పైకి ఉండేది జెడ్, ఇక్కడ వై, అది గుర్తుంచుకోండి. ఒక గ్రూపులో ఇంకో గ్రూపు, అందులో బొంగరం. బయటి గ్రూపు వై మీద తిరిగితే తల ఊపు, లోపలి గ్రూపు ఎక్స్ మీద వంగితే వాలు, బొంగరం తన వై మీద తిరిగితే చుట్లు.

నిజం బొంగరాన్ని ఒకసారి తిప్పి చూడండి. జోరు మీద ఉన్నప్పుడు నిటారుగా కదలనట్టు నిలబడుతుంది, జోరు తగ్గేకొద్దీ తల ఊపడం మొదలవుతుంది, చివర్లో ఆ ఊపు వేగం పెరిగి తూలి పడుతుంది. చుట్ల వేగం తగ్గితే ఊపు వేగం పెరుగుతుందన్నమాట. దీన్నే అంకెల్లో పెట్టాను: ముట్టుకోగానే వేగం సెకనుకి 20 రేడియన్లు. ఊపు వేగం అంటే 12 భాగించు వేగం. వాలు అంటే, 1 లోంచి వేగం బై 20 తీసేసి, దాన్ని 0.4తో గుణించింది. వేగం ఘాతాంక పద్ధతిలో సెకనుకి 0.25 చొప్పున తగ్గుతుంది. వేగం 3 కంటే తగ్గేసరికి 7, 8 సెకన్లు పడుతుంది, వాలు 20 డిగ్రీల దగ్గరికి వచ్చి ఉంటుంది, అక్కడి నుంచి వాలును పొట్ట నేలకి తగిలేదాకా పెంచి ఆపేయడమే. ఇది భౌతికశాస్త్రం పరీక్షలో నిలబడదు, కానీ కంటికి నమ్మకంగా ఉంటుంది.

ప్రతి ఫ్రేముకీ ఇంత అని కాకుండా, గడిచిన సమయంతో గుణించి తిప్పండి. ఫ్రేముకి 0.05 రేడియన్లు అని రాస్తే 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద సెకనుకి 3 రేడియన్లు, 120 హెర్ట్జ్ ఫోన్ మీద 6. మీరు చూసిందొకటి, కస్టమర్ చూసేదొకటి. ఆ గడిచిన సమయానికి కూడా 0.1 సెకను పరిమితి పెట్టండి. లేకపోతే ఎవరైనా వేరే ట్యాబ్‌కి వెళ్లి పది నిమిషాల తర్వాత వస్తే, పది నిమిషాల తిరుగుడూ ఒక్క ఫ్రేములో జరిగిపోతుంది.

ఫోన్ మీద దయ

పిక్సెల్ రేషియోను (ఒక సీఎస్‌ఎస్ పిక్సెల్ వెడల్పులో స్క్రీన్ అసలు పిక్సెళ్లు ఎన్నో చెప్పే అంకె) 2 దగ్గర ఆపండి. 3 ఉండే ఫోన్లలో అలాగే వదిలేస్తే ఒక్కో సీఎస్‌ఎస్ పిక్సెల్‌కి 9 పిక్సెళ్లు గీయాలి, 2 అయితే 4 చాలు. తేడా చెప్పగలిగినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

టెక్స్‌చర్లు తప్పనిసరైతే ఒక లెక్క గుర్తుంచుకోండి. జేపెగ్ అరఎంబీయే కదా అనుకుంటాం, కానీ గ్రాఫిక్స్ మెమరీలోకి వెళ్లేటప్పుడు అది విప్పుకుంటుంది: 2048 సైజుది 16 ఎంబీ, 4096ది 64 ఎంబీ. నావి నాలుగు. బావమరిది బ్రౌజర్ ఎందుకు మూసుకుపోయిందో అర్థమైంది కదా. కేటీఎక్స్2 ఫార్మాట్‌లోకి మారిస్తే మెమరీలో కూడా కుదించే ఉంటుంది. డ్రాకో కంప్రెషన్ అందరూ చెప్తారు, అది త్రిభుజాల్ని మాత్రమే కుదిస్తుంది, పైగా విప్పడానికి వేరే డీకోడర్ దించుకోవాలి. వంద కేబీ మోడల్‌కి అది దండగ.

బొంగరం స్క్రీన్ మీద లేనప్పుడు గీయడం ఆపేయండి, ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ ఉన్నది అందుకే. కదలికలు చూస్తే తల తిరిగేవాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో కదలికలు తగ్గించమని పెట్టుకుంటారు. ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అని చూసి, అది ఆన్‌లో ఉంటే బొంగరాన్ని నిలబెట్టి ఉంచండి, ముట్టుకుంటేనే తిప్పండి. వెబ్‌జీఎల్ రాకపోతే పోస్టర్ ఫొటో ఉండిపోవాలి.

టెస్టింగ్ మాత్రం చవక ఆండ్రాయిడ్ ఫోన్ మీదే చేయండి. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో ఫోన్‌లా చూపించే మోడ్‌ని నమ్మకండి, అందులో ప్రాసెసర్‌ని నెమ్మది చేయొచ్చుగానీ గ్రాఫిక్స్ మీ ల్యాప్‌టాప్‌దే. యూఎస్‌బీ కేబుల్ పెట్టి అసలు ఫోన్‌లో ఐదు నిమిషాలు వదిలేయండి. చేతికి వేడి తగిలితే ఎక్కడో ఎక్కువ చేస్తున్నట్టే.

చివరి గొడవ: రంగు

అన్నీ అయ్యాక పంపాను. బాగా తిరిగింది. "ఎరుపు మనది కాదు బావా, వెలిసిపోయినట్టుంది" అన్నాడు. రంగుల దగ్గర ఆ ఊరివాళ్లని ఏమార్చలేం. చూస్తే, ఎక్కడో కాపీ కొట్టిన కోడ్‌లో టోన్ మ్యాపింగ్ (లెక్కకట్టిన వెలుగుల్ని స్క్రీన్ రంగుల్లోకి మార్చే పద్ధతి) ఏసెస్ ఫిల్మిక్ అని ఉంది. సినిమా రూపు కోసం బాగుంటుందిగానీ గాఢమైన రంగుల్ని చప్పబరుస్తుంది. అమ్మే వస్తువుల రంగు మారకూడదనే వెబ్‌జీఎల్, జీఎల్‌టీఎఫ్ ప్రమాణాలు తయారుచేసే క్రోనోస్ వాళ్లు పీబీఆర్ న్యూట్రల్ అని ఒకటి చేశారు, త్రీ.జేఎస్‌లో న్యూట్రల్ టోన్ మ్యాపింగ్ అని ఉంటుంది. అది పెట్టాను. బ్లెండర్‌లో కూడా కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ మామూలుగా ఏజీఎక్స్ ఉంటుంది, కొత్త వెర్షన్లలో దాన్ని క్రోనోస్ పీబీఆర్ న్యూట్రల్‌కి మార్చుకుంటే అక్కడ చూసిన ఎరుపే ఇక్కడా వస్తుంది. తర్వాత అసలు బొంగరాన్ని ఫోన్ పక్కన పెట్టి ఫొటో తీసి పంపాడు. ఎరుపు కలిసింది, పసుపు ఇంకా కాస్త మార్చాలట.